వేసవిలో పదకొండు ఇళ్ళ తోట: నీళ్ళ డ్యూటీ ఎలా వేసుకోవాలి? (గోపాలపట్నం, విశాఖపట్నం)

బ్రేక్‌వ్యాన్ తాత, ఏప్రిల్ 4

అందరికీ నమస్కారం. ఫోన్లో ఒక వేలితో కొడుతున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

నేను రైల్వేలో గూడ్స్ గార్డుగా 34 ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఎక్కువకాలం కిరండూల్ లైన్లోనే, ఇనుప ఖనిజం బళ్ళ మీద. (నేను దిగిపోయాక 2022లో గార్డు అన్న పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అన్నారు. "మీరున్నన్నాళ్ళూ ఆ హోదా రాలేదు" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.) మే నెలలో మధ్యాహ్నం పూట బండి చివరి గార్డు పెట్టెలో, అదే బ్రేక్‌వ్యాన్లో, కూర్చున్నవాడికి ఎండ గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. నా బాధ ఎండతో కాదు, మనుషులతో.

మా వీధిలో ఐదు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. ఓనరు విదేశాల్లో ఉంటారు. "పాములు చేరకుండా, ఎవరూ చెత్త పొయ్యకుండా చూసుకోండి, అంతే చాలు" అన్నారు. మూడేళ్ళ కిందట పదకొండు ఇళ్ళవాళ్ళం కలిసి అక్కడ కూరగాయలు మొదలెట్టాం. నేల ఎర్రమట్టి, అందులో సగం గులకరాళ్ళే. రెండు ట్రాక్టర్ల చెరువు మట్టి, ఒక ట్రాక్టరు గత్తం ఎరువు తోలించాం. ఎనిమిది మళ్ళు, ఒక పందిరి, ఒక బోరు, వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు. నీడంటూ లేదు. ఒకప్పుడు గట్టు పొడుగునా బాదం చెట్లుండేవి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వాటిని ఒక్క పూటలో పడుకోబెట్టేసింది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ నాటలేదు, నాతో సహా.

చలికాలం అంతా బ్రహ్మాండంగా సాగుతుంది. డిసెంబర్లో టమాటా ఎవరింటికి పంచాలో తెలియక పనమ్మాయిలకి సంచులతో ఇస్తాం. అప్పుడు నీళ్ళు పోసేవాళ్ళు కూడా ఎక్కువే, ఫొటోలు తీసేవాళ్ళు ఇంకా ఎక్కువ. ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూస్తారు కదా, అక్కణ్ణించి చూడండి. ఒకరు బొబ్బిలి, ఒకరు పలాస, ఒకరు హైదరాబాదులో కొడుకు దగ్గరికి. తోటకి మనిషి అవసరమైన నలభై ఐదు రోజులూ మనుషులుండరు. జూన్ 12న బడులు తెరిచేసరికి అందరూ దిగుతారు, "అయ్యో, తోట ఇలా అయిపోయిందేమిటి తాతగారూ?" అంటూ.

కిందటేడాది సంగతి చెప్తాను. మే మూడో వారంలో విజయనగరంలో పెళ్ళికి వెళ్ళి మూడు రోజులుండిపోయాను. వాట్సాప్ గ్రూపులో డ్యూటీ చెప్పాను, ముగ్గురు బొటనవేలు పెట్టారు. నాలుగో రోజు పొద్దున్న వచ్చి చూస్తే తోటకూర మడి కాల్చిన కాగితంలా ఉంది. చేత్తో నిమిరితే పొడి రాలింది. వంగ తలలు వేలాడేసింది. బెండ మాత్రం మొండిది, నిలబడింది. ఏమైందని అడిగితే, ముగ్గురూ వచ్చారట, పాపం, ముగ్గురూ తిరిగి వెళ్ళిపోయారట. మోటారు గది తాళంచెవి బొబ్బిలిలో ఉంది. ఊరెళ్ళిన బొబ్బిలి ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని బస్సెక్కేసింది. ఆవిణ్ణి ఏమనగలం? అది మా అందరి తాళమూ కదా, అంటే ఎవరిదీ కాదు.

నాలుగు ముక్కలు అడుగుతాను. ఒకటి, ఐదు సెంట్లకి వేసవిలో రోజుకి నిజంగా ఎన్ని నీళ్ళు కావాలి? మా బోరు పావుగంట పోసి గాలి ఊదుతోంది. రెండు, ఇప్పుడు మడిలో ఏది ఉంచాలి, ఏది పీకెయ్యాలి? నలభై టమాటా మొక్కలున్నాయి, పూత బాగానే ఉంది గానీ పూసింది పూసినట్టే రాలిపోతోంది. మూడు, మీలో ఎవరైనా ఇలా నలుగురితో కలిసి తోట చేస్తుంటే డ్యూటీలు ఎలా వేసుకుంటున్నారు? నాలుగు, కాయలు ఎలా పంచుకుంటున్నారు? ఉగాది వెళ్ళి ఐదు రోజులే అయింది, ఇంకా మూడు వారాల టైం ఉంది నాకు.

మేడమీద మిరప, ఏప్రిల్ 4

అంకుల్, మాది ఎంవీపీ కాలనీ. మేడ మీద అరవై కుండీలు. మొదట టమాటా పీకెయ్యండి. మనసొప్పదు, నాకు తెలుసు. కానీ రాత్రిళ్ళు చల్లబడకపోతే టమాటా పూత నిలవదు. మన ఊళ్ళో మే నెలలో తెల్లారగట్ల మూడింటికి లేచినా చెమటలే కదా. నలభై మొక్కలకి పోసే నీళ్ళు దండగ. పాలకూర, కొత్తిమీర కూడా మానెయ్యండి, ఈ ఎండకి కాడ పైకి లేచి పూతకొచ్చేస్తాయి.

ఉంచాల్సినవి: బెండ, గోంగూర, బచ్చలి, గోరుచిక్కుడు, బరబాటీలు (బొబ్బర్ల కాయలు). తోటకూర కావాలంటే పందిరి కింద చల్లండి. ఆనప, బీర పాదుల నీడ దానికి చక్కగా సరిపోతుంది. గ్రీన్ నెట్ కొనేటట్టయితే యాభై శాతం నీడ ఇచ్చేది అడగండి, ఎక్కువది ఇస్తారు జాగ్రత్త. అది కూడా ఆకుకూరల మడి మీదే. బెండ మీద నెట్ కడితే పొడుగ్గా సాగి కాయ కాయదు, నేను చేసిన వెధవ పని అది.

ఇంకోటి. మట్టి బోసిగా ఉంచొద్దు. మీ దగ్గర్లో చెరుకురసం బండి ఉంటే పిప్పి అడగండి, ఊరికే ఇస్తాడు. పారెయ్యడమే వాడికి తలనొప్పి. రెండు రోజులు ఎండబెట్టి అప్పుడు పరవండి, పచ్చిది వేస్తే చీమల జాతరే. మట్టిలో కలపొద్దు, పైన పరవడమే.

చెరుకుతోట, ఏప్రిల్ 4

గార్డు గారూ, నమస్తే. మాది అనకాపల్లి పక్కన పల్లె, ఇప్పుడు ఉద్యోగం రీత్యా విశాఖలో ఎన్ఏడీ కూడలి దగ్గర ఉంటున్నాను. నీళ్ళ లెక్క నేను చెప్తాను.

ఐదు సెంట్లంటే 242 గజాలు, అంటే సుమారు 200 చదరపు మీటర్లు. దారులు, గట్లు, మోటారు గది పోను మళ్ళు సగం ఉంటాయి, వంద అనుకుందాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీళ్ళంటే సరిగ్గా ఒక లీటరు. ఏప్రిల్, మే నెలల్లో నేల, మొక్క కలిసి రోజుకి ఐదారు మిల్లీమీటర్లు తాగేస్తాయి. అంటే మీకు కావాల్సింది రోజుకి ఐదారు వందల లీటర్లు. మీ ట్యాంకు వెయ్యి. ఒకసారి నిండితే దాదాపు రెండు రోజులొస్తుంది. మీకు నీళ్ళు తక్కువ కాలేదండీ, దారుల మీద, గట్ల మీద పడి పోతున్నాయి. పైపు చివర వేలు పెట్టి వాన కురిపించినట్టు కొడతారు చూడండి, అది మానిపించండి. మొక్క మొదట్లో పొయ్యాలి.

బోరు పావుగంటలో గాలి ఊదుతోందంటే ఒకేసారి అరగంట ఆడించొద్దు, మోటారు కాలిపోతుంది. తెల్లారి నాలుగున్నరకి పన్నెండు నిమిషాలు, రాత్రి తొమ్మిదికి పన్నెండు నిమిషాలు ట్యాంకులోకి కొట్టి ఆపెయ్యండి. మధ్యలో బోరు ఊరుతుంది.

పొయ్యడం పొద్దున్నే. ఏడు దాటకుండా. సాయంత్రం తప్పనిసరైతే ఆకు తడవకుండా పొయ్యండి. మన దగ్గర గాలిలోనే తేమ ఎక్కువ, రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగులు వస్తుంది.

వంగకి, పాదులకి కుండలు పాతిపెట్టండి. రోడ్డు పక్కన వేసవి కుండలు అమ్ముతారు కదా, ఐదారు లీటర్లవి. రంగు వేసినవి వద్దు, రంగు వేస్తే ఊట రాదు. మెడదాకా పాతి, నీళ్ళు నింపి, మీద మూకుడు బోర్లించండి. మూత లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి, కాలనీవాళ్ళు మిమ్మల్ని తిడతారు. కుండ చుట్టూ అడుగు దూరంలో మొక్కలుంటే వేర్లు వాటంతటవే కుండని వెతుక్కుంటూ వస్తాయి. రెండు మూడు రోజులకోసారి నింపితే చాలు. డ్యూటీవాడు ఒక రోజు ఎగ్గొట్టినా మొక్క చావదు.

లెక్కల మాస్టారు, ఏప్రిల్ 5

తప్పుగా అనుకోకండి. మోటారు కరెంటు, కుండలు, గ్రీన్ నెట్, విత్తనాలు, పదకొండు కుటుంబాల టెన్షన్. ఆ డబ్బుతో రైతుబజారుకెళ్ళి సంచి నిండా తెచ్చుకుంటే పోదా? మే నెలలో తోట ఎండగట్టి జూన్లో దున్నుకోండి. పల్లెల్లో రైతులే ఆ పని చేస్తారు. వేసవి దుక్కికి పురుగుల గుడ్లు కూడా చస్తాయి.

బ్రేక్‌వ్యాన్ తాత, ఏప్రిల్ 5

మాస్టారూ, మీ లెక్క తప్పని నేను అనను. మళ్ళు ఎండగట్టమన్న మాట మంచిదే, టమాటా పీకిన మడి అలాగే చేస్తాను. ఎండకి మట్టి తిరగేసి వదిలేస్తాం.

కానీ మొత్తం మూసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. మొదటి ఏడాది మూసేశాం. జూన్ నాటికి వయ్యారిభామ కలుపు నడుమెత్తు పెరిగింది, మూలన ఎవరో పాత పరుపు పడేశారు, ఆ పరుపు మీద కుక్క ఈనింది. ఐదు పిల్లలు. ఆగస్టు దాకా మాలో ఎవరికీ అందులో అడుగుపెట్టే ధైర్యం లేకపోయింది. రైతుబజారు నాకూ ఇష్టమేనండీ, వెళ్తూనే ఉంటాను. అక్కడికెళ్ళి ఎవరితోనూ దెబ్బలాడలేను, అదొక్కటే లోటు.

అమ్మాయ్ మిరపా, టమాటా పీకేశాను. పందొమ్మిది మొక్కలు పీకాక మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకుంది. ఇరవై ఒకటి ఉన్నాయి. అవి ఆవిడవి, నేను మాట్లాడను.

మధురవాడ మడి, ఏప్రిల్ 6

తాతగారూ, మా అపార్ట్‌మెంట్ వెనక మూడు సెంట్లలో ఏడు కుటుంబాలం చేస్తున్నాం, నాలుగో వేసవి ఇది. మీరడిగిన మూడు, నాలుగు ప్రశ్నలు నిజానికి ఒకటే ప్రశ్న. మాకు ఆ సంగతి తెలియడానికి రెండేళ్ళు పట్టింది.

మొదట్లో కాయలన్నీ ఆదివారం ఒకచోట పోసి ఏడు వాటాలు వేసేవాళ్ళం. చిక్కుళ్ళు, బెండకాయలు తూకం వేసి పంచొచ్చు. ఆనపకాయ ఎలా పంచుతారు? ఒకసారి నాలుగే ఆనపకాయలు, ఏడుగురం. కొయ్యమంటే కోస్తే వాడిపోతుందని ఒకరు, చీటీలు వేద్దామని ఒకరు. ఆ రోజు మొదలైన మౌనం దసరా దాకా సాగింది. పైగా బెండ రెండు రోజులకోసారి కొయ్యకపోతే ముదిరి పీచైపోతుంది. ఆదివారం దాకా ఆపితే సగం పారబోతే.

ఇప్పుడు మాది ఒకటే మాట. నీళ్ళు ఎవరు పోస్తే ఆ రోజు కోసింది వాళ్ళదే. ఊరెళ్ళినవాళ్ళకి వాటా లేదు, వాళ్ళ మీద కోపమూ లేదు. ఇది వచ్చాక డ్యూటీ గుర్తు చెయ్యాల్సిన పని పోయింది, తెల్లారకుండానే వచ్చేస్తున్నారు. ఒకటే చిక్కు. కొందరు లెక్క చూసుకుని బరబాటీలు ముదిరే రోజుకే డ్యూటీ అడుగుతారు. అందుకని ఒక్కో రోజు కాకుండా వరసగా మూడు రోజులు ఇవ్వండి. మొదటి రోజు ఏమీ దొరక్కపోయినా మూడో రోజుకి ఏదో ఒకటి ఉంటుంది.

తాళం సంగతి మాత్రం ఊరు వదిలి వెళ్ళనివాళ్ళ దగ్గరుంచండి. ఎవరో ఒకరు ఉంటారు ప్రతి వీధిలో.

బ్రేక్‌వ్యాన్ తాత, ఏప్రిల్ 7

అమ్మా మధురవాడా, నీకు వంద దండాలు. ఊరు వదిలి వెళ్ళనివాళ్ళు అనగానే బుర్రలో దీపం వెలిగింది. స్థలానికి ఎదురుగా పెంకుటిల్లు, అందులో ఒక మామ్మగారు. ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పులు, బిందె ఎత్తలేదు. అందుకని మూడేళ్ళుగా ఆవిణ్ణి మేము ఏదీ అడగనే లేదు. తలుచుకుంటే సిగ్గేసింది. రోజంతా అరుగు మీద కూర్చుని తోటనే చూస్తూ ఉంటుంది, మాలో ఎవరు ఎన్నింటికి వచ్చి ఎన్నింటికి పోయారో అణా పైసలతో చెప్తుంది.

వెళ్ళి అడిగాను. "తాళం నా కాడ ఎట్టు బాబూ, నానెక్కడికెల్తాను? ఎల్తే ఒకేపాలి ఎల్తాను, అప్పుడు నువ్వే తీసుకుందువుగాని" అంది.

దాంతో మా రైల్వే పద్ధతి పెట్టేశాను. రిలీఫ్ వచ్చేదాకా గార్డు బండి వదలకూడదు, చార్జ్ అప్పగించి సంతకం పెట్టాకే దిగాలి. ఇక్కడా అంతే. ఒక రూళ్ళ నోటుబుక్కు మామ్మగారి కిటికీలో ఉంటుంది, తాళంచెవి దానికి దారంతో కట్టి ఉంటుంది. వచ్చినవాళ్ళు టైము, ట్యాంకు ఎంత ఉంది, ఏ మళ్ళు తడిపారు, ఏం కోశారు, ఏం తేడా కనిపించింది రాసి సంతకం పెట్టాలి. మూడు రోజుల డ్యూటీ. మూడో రోజు తర్వాతివాళ్ళ ఇంటికెళ్ళి స్వయంగా చెప్పి రావాలి. వాట్సాప్‌లో బొటనవేలు చెల్లదు.

మామ్మగారికి రోజుకో పిడికెడు బచ్చలి వాటా. ఇంకేమీ వద్దంది, పళ్ళు లేవట.

మేడమీద మిరప, ఏప్రిల్ 7

అంకుల్, ఆ నోటుబుక్కు ఫొటో పెట్టాలి మీరు.

బ్రేక్‌వ్యాన్ తాత, మే 3

నెల రోజులైంది, హాజరు వేయించుకుందామని వచ్చాను. ఫొటో పెట్టడం నాకు రాదు, ఒక పేజీ ఎక్కిస్తాను:

"ఉ. 5.50. ట్యాంకు ముప్పాతిక. 3, 4, 5 మళ్ళు, కుండలు నాలుగు నింపాను. బెండ 31. బచ్చలి మామ్మకి. 4వ మడి ఉత్తరం మూల వంగ ఆకు కింద ఎర్రగా పొడి, కదులుతోంది. సంతకం."

ఆ కదిలే పొడి ఎర్రనల్లి. రాసింది తొమ్మిదో తరగతి కుర్రాడు, వాళ్ళ నాన్న డ్యూటీకి వాడొచ్చాడు. మేమెవ్వరం ఆకు తిరగేసి చూడలేదు. మూడు రోజులు పొద్దున్నే ఆకు అడుగున నీళ్ళు గట్టిగా కొట్టి, తర్వాత వేపనూనె లీటరుకి ఐదు మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం కొట్టాం. తగ్గింది.

పదకొండు ఇళ్ళలో ఆరు ఇళ్ళు ఊళ్ళకి వెళ్ళిపోయాయి. ఐదు ఇళ్ళం మిగిలాం. ఐదు మూళ్ళు పదిహేను, అంటే పదిహేను రోజులకోసారి మూడు రోజులు. ఎవరికీ బరువు లేదు. రెండు పొరపాట్లు జరిగాయి, దాచను.

మొదటిది చందనోత్సవం రోజు. ఏడాదికి ఒక్క రోజు సింహాచలం అప్పన్న నిజరూప దర్శనం, మా గోపాలపట్నంలో ఆ రోజు ఇంట్లో కూర్చునేవాడు ఎవడు? అందరం అర్ధరాత్రి నుంచే క్యూలో. డ్యూటీ ఉన్నాయన కూడా క్యూలోనే. రోడ్లన్నీ బారికేడ్లు, తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఐదు. పరిగెత్తుకుని వెళ్తే కుండలున్న వంగ, పాదులు ఏమీ ఎరగనట్టు నిలబడ్డాయి. కుండ లేని గోంగూర కాస్త తల వంచింది, రాత్రికి లేచింది. చెరుకుతోట గారూ, ఈ సంగతి మీకు చెప్పాలనే ఇవాళ ఫోను తీశాను.

రెండోది మా మనవడి ఘనకార్యం. మధ్యాహ్నం రెండింటికి మొక్కలు వాడినట్టున్నాయని జాలిపడి పైపు తిప్పాడు. నల్ల పైపు, పొద్దుట్నుంచీ ఎండలో పడి ఉంది, లోపల నిలిచిన నీళ్ళు. నేను వెళ్ళి చెయ్యి పెట్టేసరికి చురుక్కుమంది, టీ కాచుకోవచ్చు. అప్పటికే పందిరి కింద తోటకూర నారు మీద అర బకెట్టు పోశాడు. సాయంత్రానికి ఆ జానెడు మేర ఉడికిన ఆకులా అయిపోయింది. వాణ్ణి ఏమీ అనలేదు. నోటుబుక్కులో వాడే రాశాడు: "2.10. తప్పు చేశాను." సంతకం కూడా పెట్టాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఆనపపాదు పందిరంతా అల్లుకుంది. పూలే పూలు, తెల్లగా. పిందె ఒక్కటీ లేదు. ఏమిటి దీని బాధ?

చెరుకుతోట, మే 3

కుండల మాట విని కడుపు నిండిందండీ.

ఆనప సంగతి: ఎండ ముదిరితే పాదులకి మగపూలు ఎక్కువ, ఆడపూలు తక్కువ వస్తాయి. ఆడపువ్వు ఉన్నా పరాగం అందక పిందె పసుపెక్కి రాలిపోతూ ఉంటుంది, మీరు చూసి ఉండరు. ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, బీర కూడా అంతే. పొద్దున్న వెళ్ళి చూస్తే లాభం లేదు. ఆరున్నర ఏడింటికి వెళ్ళండి. పువ్వు కింద చిన్న ఆనపకాయ బొమ్మలా నూగుతో ఉబ్బెత్తుగా ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు ఆడపూలకి చాలు.

బ్రేక్‌వ్యాన్ తాత, మే 6

మూడు సాయంత్రాలుగా అదే పని. ముదురుగా చీకటి పడితే తప్ప పూలు పూర్తిగా విచ్చడం లేదు, చీకటి పడితే నాకు కనబడడం లేదు. చివరికి అటక మీంచి నా పాత డ్యూటీ టార్చి దింపాను. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ మూడు రంగులు మారుతుంది. నిచ్చెన మా ఆవిడ పట్టుకుంది. తెల్ల వెలుగులో వెతుకుతుంటే ఒక ఆకు చాటున దొరికింది ఆడపువ్వు. కింద పిందె చిటికెన వేలంత, దాని ఒంటి మీద నూగు వెలుగుకి వెండిలా ఉంది. మగపువ్వు రేకులు తుంపాను. పుప్పొడి వేలికి అంటుకుంది. రెండుసార్లు రాశాను. అయిపోయిందని చెప్పడానికి ఆకుపచ్చ లైటు ఊపాను, అలవాటు. అరుగు మీంచి మామ్మగారు "బండి బయల్దేరినాదేటి బాబూ?" అని అరిచింది.

మొత్తం ఏడు పూలకి రాశాను. ఎన్ని నిలుస్తాయో చూడాలి.

మధురవాడ మడి, మే 6

తాతగారూ, పిందెలు నిలిస్తే ఒక్కో దానికి పాత చీర పీలికతో ఊయల కట్టండి. మా దగ్గర మే నెలాఖర్లో ఈదురుగాలికి బరువుతో తీగ చీలిపోయింది.

బ్రేక్‌వ్యాన్ తాత, జూన్ 12

బడులు తెరిచారు. వీధి నిండింది. చివరి హాజరు.

ఏడు పూలలో నాలుగు నిలిచాయి. ఊయలలు కట్టాం, కట్టాక నవ్వుకున్నాం, నాలుగు రంగుల చీరముక్కల్లో నాలుగు పసిపిల్లల్లా. మే నెలాఖర్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. కరెంటు పోయింది, పందిరి సరుగుడు కర్రలు రెండు ఫెళ్ళున విరిగాయి. ఊయలలు నిలిచాయి, వాటితో పాటు కాయలూ. మధురవాడ తల్లీ, ఈసారి మీ వైపు వస్తే ఒక కాయ నీది.

ఎండగట్టిన టమాటా మడి వానకి మెత్తబడింది, మృగశిర వచ్చింది కాబట్టి చిక్కుడు పెట్టాలి. లెక్కల మాస్టారికి చెప్పండి, ఆయన మాట ఊరికే పోలేదు. మా ఆవిడ ఇరవై ఒక్క టమాటా మొక్కలు వేసవి మొత్తం మీద కాసింది ఆరు కాయలు. ఆ ఆరింటితో ఒక పూట పప్పు చేసి, తిన్నంతసేపూ నా వైపే చూసింది. నేను రెండోసారి వడ్డించుకున్నాను.

పంపకాల దగ్గర గొడవ వస్తుందని భయపడ్డాను. ఊరు నుంచి దిగిన ఒకాయన పందిరి కింద నిలబడి, "నాలుగున్నాయి కదా, మా వాటా?" అన్నాడు. నేను నోరు తెరవలేదు, నోటుబుక్కు చేతికిచ్చాను. ఏప్రిల్ 7 నుంచి పేజీలు తిప్పాడు. చదివాడు, చదివాడు, "2.10. తప్పు చేశాను" దగ్గర ఆగి నవ్వాడు. "సరే, నాకు ఎప్పుడు డ్యూటీ?" అన్నాడు.

బొబ్బిలి ఆవిడ కూడా వచ్చింది. దార్లో కొన్నానని భీమాళి మామిడి తాండ్ర తెచ్చి మామ్మగారి చేతిలో పెట్టి, చనువుగా కిటికీలో తాళంచెవికి చెయ్యి చాపింది. మామ్మగారు తాండ్ర చిన్న ముక్క తుంపి బుగ్గన పెట్టుకుంది, నోటుబుక్కు ముందుకి తోసింది.

"సంతకం ఎట్టి తీసుకో అమ్మా."